జలీల్ చాచా పెట్టని సంతకం

పొద్దున్నే తడి మట్టి మీద పొడి సున్నం పడితే ఒక వాసన వస్తుంది. ఘాటూ కాదు, కమ్మనా కాదు, ముక్కు లోపల సన్నగా గోకినట్లు ఉంటుంది. వెలిమెలలో కొత్తగా లేచిన అపార్టుమెంట్ల వెనక మాకొక గ్రౌండు ఉంది. అక్కడ నేను ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. గీతలు గీయడానికి చక్రాల డబ్బా ఉంది, దాన్ని తోసే మనిషీ ఉన్నాడు. అయినా ఆ పని జరుగుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడతాను. "వంకర పోతలేదు మేడం, మీరు పోయి కూసోండ్రి" అని అతను విసుక్కుంటాడు. వంకర పోతుందని కాదు నా బాధ. ఆ వాసన తగలగానే నాకు జలీల్ చాచా గుర్తొస్తాడు, ఆయన గుర్తొస్తే కాసేపు ఎక్కడికీ కదలబుద్ధి కాదు.

నేను తొమ్మిది సీజన్లు ఎడమ వింగర్‌గా ఆడాను. జీతం తీసుకుని, ఒప్పందం మీద సంతకం పెట్టి ఆడిన ఆట. వింగర్ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి కదా: మైదానం అంచున, గీత పక్కనే పరుగెత్తి, అడ్డొచ్చిన మనిషిని దాటుకుని బంతిని గోలు ముందుకు పంపేవాళ్ళం. మిగతా ఆటగాళ్ళకు నాలుగు వైపులా చోటుంటుంది, మాకు ఒకవైపు గీతే. ఇంటర్వ్యూ చేయడానికి వచ్చిన ఒక పిల్ల "మీరు వింగర్ కావాలని ఎందుకు అనుకున్నారు?" అని అడిగితే నవ్వాగలేదు. నేను అనుకోవడమా! నన్ను ఎవరూ తాకకూడదని ఆ మూలకు తోశారు, అంతే సంగతి.

మాది హైదరాబాదు పక్కన పాశమైలారం. మా బాపు ఒకప్పుడు వ్యవసాయం చేసినవాడు. భూమి ఫ్యాక్టరీల్లోకి పోయాక ఒక మందు గోళీల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పనిలో చేరాడు. ఆ కంపెనీల వెనక ఒక ఖాళీ జాగా ఉండేది. సెలవు రోజు వచ్చిందంటే ఒడిశా, జార్ఖండ్ నుంచి పనికి వచ్చినవాళ్ళు అక్కడ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మనిషి తక్కువైన ఒక రోజు, అడగకుండానే వెళ్ళి నిలబడ్డాను. వాళ్ళు బిక్కమొహం వేశారు. గేటు దగ్గర ఉండే నర్సింలు బిడ్డ, తగిలితే ఏం లొల్లి అవుతుందో అని వాళ్ళ భయం. పొమ్మనలేక, దగ్గరికి రానివ్వలేక, ఎడమ గీత పక్కన నిలబెట్టారు. బంతి నా దగ్గరికి వస్తే చాలు, అందరూ పాము కనబడ్డట్టు పక్కకు జరిగేవాళ్ళు. నేనేమో వాళ్ళందరినీ దాటేస్తున్నానని మురిసిపోయేదాన్ని.

ఆ మురిపెం వదిలించినవాడు జలీల్ చాచా. పటాన్‌చెరు మనిషి, బాపు కాపలా కాసే కంపెనీలోనే క్వాలిటీ చూసే ఉద్యోగం. అప్పటికే యాభై దాటింది, పొట్ట వచ్చింది, మోకాళ్ళు కిర్రుమనేవి. వయసులో ఉన్నప్పుడు ఒక కార్ఖానా టీముకు బ్యాక్ ఆడాడట. అంటే నాలాంటి వింగర్లను ఆపడమే పని. ఆట మొదలయ్యే ముందు ప్లాస్టిక్ మగ్గుతో సున్నం పోస్తూ గీతలు గీసేది ఆయనే. ఒక రోజు మగ్గు పక్కన పెట్టి, ప్యాంటు మడిచి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"గిప్పుడు దాటు బేటా, సూస్త" అన్నాడు.

దాటబోయాను. నేను పోయి సున్నంలో పడ్డాను, బంతి మాత్రం ఆయన కాలి కిందే ఉంది. లేచి మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ పడ్డాను. ఐదోసారి పడ్డాక ఏడుపొచ్చింది. ఒడిశా వాళ్ళు నవ్వుతుంటే ఆయన వాళ్ళ మీద గుడ్లురిమాడు. "నవ్వుతరేందిరా? ఇన్నొద్దులు దీన్ని మోసం చేసింది మీరే" అని, నా వైపు తిరిగి, "బాల్ దిక్కు సూస్తున్నవ్ నువ్వు. బాల్‌ల ఏమున్నది? నా కాళ్ళు సూడు. ఏ కాలి మీద బరువు ఏస్తున్ననో, గా కాలి పక్కకెల్లి పో. బరువున్న కాలు జల్దీ లేవదు" అన్నాడు. ఆ రోజు ఆయన్ను ఒక్కసారి దాటాను. ఆయన మోకాలు పట్టుకుని కూర్చుండిపోయి, నొప్పితో మూలుగుతూనే "షాబాష్" అన్నాడు. నా జీవితంలో ఆ తర్వాత చాలా మంది మెచ్చుకున్నారు గానీ ఆ షాబాష్‌కు ఏదీ సాటి రాలేదు.

తర్వాత నాలుగేళ్ళు ఆయనే నా గురువు. ఆయన నేర్పినదాంట్లో ఎక్కువ భాగం ఫుట్‌బాల్ కాదు, కంపెనీ పని. గోళీలు తయారుచేసే చోట ఒక పద్ధతి ఉంటుంది. ఒక మందు తయారీ అయిపోయి, అదే యంత్రం మీద ఇంకో మందు మొదలుపెట్టాలంటే, ముందుదాని జాడ ఏమీ మిగలలేదని ఒక మనిషి చూసి సంతకం పెట్టాలి. ఒక గోళీ ముక్క గానీ, ఒక లేబుల్ గానీ, చిటికెడు పొడి గానీ ఉండకూడదు. ఆ సంతకం పడేదాకా స్విచ్ వేయరు. దాన్ని లైన్ క్లియరెన్స్ అంటారు. ఆ సంతకం పెట్టేది జలీల్ చాచా. కొత్తలో ఒకసారి వంగి చూడకుండానే సంతకం పెట్టేశాడట. బెల్టు కింద వేరే రంగు గోళీ ఒకటి మిగిలింది. బయటికి పోకముందే ఇంకొకరు పట్టుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గేది. "నెల దినాలు అన్నం సైసలే బేటా" అనేవాడు.

ఆ పద్ధతిని ఆయన మైదానానికి తెచ్చాడు. ప్రతి మ్యాచ్‌కు ముందు నన్ను పక్కకు పిలిచి, "పోయిన ఆటది ఏమన్న మిగిలిందా?" అని అడిగేవాడు. నేను చెప్పాలి. ఫలానావాడు నన్ను తిట్టాడు, ఆ కోపం ఉంది. పోయినసారి గోలు తప్పింది, ఆ సిగ్గు ఉంది. మడమ దగ్గర నొప్పి ఉంది. ఒక్కొక్కటీ చెప్పించి, దేనికి ఏం చేయాలో మాట్లాడి, అప్పుడు "క్లియర్, పో" అనేవాడు. నొప్పి అని చెప్పిన రోజు ఎంత బతిమాలినా ఆడనిచ్చేవాడు కాదు. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళింట్లోనూ ఇదే తంతు. బగారా అన్నం వండే ముందు గిన్నె లోపలికి టార్చి వేసి చూస్తుంటే ఆయన భార్య షాహీన్ చాచీ గరిటె తీసుకుని "యే కంపెనీ నహీ, ఘర్ హై!" అని, ఇది ఇల్లు, కంపెనీ కాదని తరిమేది.

నాకు పదిహేడేళ్ళప్పుడు బయటి రాష్ట్రం నుంచి ఒక పెద్ద క్లబ్బు వాళ్ళు హైదరాబాదుకు వచ్చారు, ఆడపిల్లల్ని ఎంచుకోవడానికి. రెండు రోజుల పరీక్ష. ఆ కబురు తెలిసిన రోజు నుంచి నాకు తిండి లేదు, నిద్ర లేదు. టెన్త్‌తో చదువు అటకెక్కింది. ఎంపిక కాకపోతే ప్యాకింగు సెక్షనులో చేరడమే, బాపు సూపర్‌వైజరుతో మాట్లాడి కూడా ఉంచాడు. సరిగ్గా అప్పుడే, ఇంకో పది రోజులుందనగా, ఎడమ తొడ వెనక తీగ లాగినట్లయింది.

నేను ఎవరికీ చెప్పలేదు. గోళీ వేసుకున్నాను. గోళీలు తయారయ్యే ఊరివాళ్ళం మేము. నొప్పి గోళీ పేరేమిటో, ఎంత పవరుదో, ఎన్ని గంటలు పనిచేస్తుందో మా వాడలో బడి ముఖం చూడని అమ్మలక్కలు కూడా గడగడా చెబుతారు. మాకు గోళీల గురించి డాక్టరు చెప్పేదేంది అన్న పొగరు మా అందరికీ ఉండేది, నాకు ఇంకో రెండు పాళ్ళు ఎక్కువ. పొద్దున ఒకటి, గ్రౌండుకు పోయే ముందు ఒకటి. నొప్పి నిజంగానే మాయమయ్యేది. నొప్పి పోతే దెబ్బ పోయినట్టే అనుకున్నాను.

బాపుకు డ్యూటీ ఉండటంతో జలీల్ చాచా సెలవు పెట్టి నాతో వచ్చాడు. మొదటి రోజు పరుగులు, బంతి పట్టు చూశారు. అద్భుతంగా ఆడాను. క్లబ్బు కోచ్ ఒక కేరళ ఆవిడ. నా పేరు పక్కన రెండు గీతలు గీసుకోవడం నా కళ్ళతో చూశాను. రెండో రోజు పూర్తి మ్యాచ్. పద్దెనిమిది నిండనివాళ్ళు మ్యాచ్ ఆడాలంటే వెంట వచ్చిన పెద్దవాళ్ళు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, పిల్ల ఆరోగ్యంగా ఉందని. బాపు తన బదులు చాచా పెడతాడని చీటీ రాసిచ్చాడు.

గ్రౌండు బయట చాచా ఎప్పటిలాగే అడిగాడు. "ఏమన్న మిగిలిందా బేటా?"

"ఏం లేదు చాచా. క్లియర్."

ఆయన నా ముఖంలోకి చూశాడు. చూసి, కాగితం చేతిలోకి తీసుకుని, జేబులో నుంచి పెన్ను తీశాడు. మూత తీయలేదు.

"పొద్దుగాల పటాన్‌చెరుల బస్ ఎక్కినప్పుడు కుడి కాలు ముంగట పెట్టినవ్. లింగంపల్లిల బస్ మారినం, గాడ గూడ కుడి కాలే. నువ్వు ఎడమ కాలుదానివి. ఎప్పుడు ఎడమ కాలు ఏసే ఎక్కుతవ్. ఏమైంది బేటా?"

"ఏం కాలే! అట్లనే పడ్డది!"

ఆయన తిన్నగా కోచ్ దగ్గరికి వెళ్ళాడు. కాలు బాగాలేదేమో, ఒకసారి చూడమన్నాడు. ఆవిడ నన్ను ఎడమ కాలి మీద పదిసార్లు ఎగరమంది. ఎగిరాను, గోళీ పుణ్యమా అని దూదిపింజలా ఎగిరాను. తొడ నొక్కి చూసింది, ముఖం చిట్లించకుండా నిలబడ్డాను. "యే తో ఠీక్ హై, చాచా" అందావిడ, బాగానే ఉంది కదా అన్నట్టు.

"ఠీక్ దిఖ్తా హై, మేడం" అని, బాగున్నట్టు కనబడుతోంది అంతే అని, ఆయన కాగితం మడిచి ఆవిడ చేతికి ఇచ్చేశాడు. సంతకం లేకుండా.

తర్వాత నేను అన్న మాటలు రాయడానికి ఇప్పుడు కూడా చేయి రావడం లేదు, కానీ రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. కాళ్ళు పట్టుకున్నాను ముందు. ఆయన కదల్లేదు. అప్పుడు లేచి, అందరి ముందూ, "నువ్వు నాకు ఏమైతవని ఆపుతున్నవ్? నీ బిడ్డనైతే ఆపుదువా? నువ్వెవరు అసలు?" అని అరిచాను. ఆయనకు పిల్లలు లేరు. ఆ సంగతి నాకు తెలుసు.

"ఏం గాను బేటా" అన్నాడు. "సంతకం మాత్రం పెట్ట."

మ్యాచ్ మొదలైంది. గేటు బయట నిలబడి ఈలలు విన్నాను. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. విషయం తెలిసి బాపు వాళ్ళింటికి పోయి, "నోటికాడి బుక్క గుంజితివి గద భాయ్" అన్నాడట.

మరునాడు పొద్దున నేను మంచం దిగలేకపోయాను. గోళీ దిగిపోయింది. తొడ వెనక నల్లగా కమిలి, కాలు నేల మీద ఆనించలేని పరిస్థితి. అమ్మ చూసి గుండె బాదుకుంది. "ఎవ్వలకు చెప్పకు, ముఖ్యంగా బాపుకు చెప్పకు" అని అమ్మతో ఒట్టు వేయించుకున్నాను. చెబితే చాచా గెలిచినట్లవుతుంది. జ్వరమని చెప్పి ముసుగు తన్ని పడుకుని, ఆ తర్వాత నెలన్నర ఇల్లు కదలకుండా కాలు బాగుచేసుకున్నాను. అడిగిన ప్రతివాళ్ళకూ మాత్రం నా కాలు రాయిలా ఉండిందనీ, ముసలాయన చాదస్తంతో నా బతుకు నాశనం చేశాడనీ చెప్పాను. ఆ మాటలు కంపెనీ క్యాంటీనులో కూడా తిరిగాయి. ఆయన చెవిన పడకుండా ఎట్లా ఉంటాయి?

ఏడాది తిరిగేసరికి ఇంకో క్లబ్బు పిలిచింది. నాకు పద్దెనిమిది నిండాయి, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఒక్కదాన్నే వెళ్ళి ఆడాను, తీసుకున్నారు. ఊరు వదిలే రోజు బాపు పోరు పెడితే చాచా ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఏడాది అయింది ఆయనతో మాట్లాడి. ఆయన అదేమీ పట్టనట్టు, చాచీతో గాజర్ హల్వా కట్టించి, బస్టాండు దాకా వచ్చాడు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు. "ఏమన్న మిగిలిందా బేటా?"

"ఏం లేదు చాచా" అన్నాను. ఆ ప్రశ్నకు అది నా రెండో అబద్ధం. ఆయన నవ్వి, బస్సు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళూ ప్రతి మ్యాచ్‌కు ముందు ఆయన ఫోన్ చేసేవాడు. హాస్టలు గదుల్లోంచి, రైళ్ళలోంచి, ఆసుపత్రి బల్లల మీద నుంచి నేను మిగిలిందంతా చెప్పేదాన్ని. కోచ్ మీద అలక, బెంచి మీద కూర్చోబెట్టినప్పటి ఉడుకుమోతుతనం, మోకాలి వాపు. ఆయనకు చెప్పిన అలవాటే టీము ఫిజియోకు చెప్పడం నేర్పింది. నాతో పాటు చేరిన పిల్లలు, నాకన్నా వేగంగా ఉరికేవాళ్ళు, నొప్పులు దాచుకుని దాచుకుని మూడేళ్ళకు, నాలుగేళ్ళకు ఇంటిదారి పట్టారు. వింగర్‌కు కాళ్ళే ఆస్తి. నా కాళ్ళు తొమ్మిదేళ్ళు నిలిచాయంటే అది జలీల్ చాచా చలవ. గోలు కొట్టిన ప్రతిసారీ ఆ మాట అనుకున్నాను. ఫోనులో కూడా ఎన్నోసార్లు అన్నాను. ఆ ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, ఆయనకు తెలుసు కదా అనుకున్నాను. తెలుసు కాబట్టే కదా ఆపాడు.

ఆట మానేసి తిరిగి వచ్చాక, పోయిన సంవత్సరం, చాచాను చూడటానికి వెళ్ళాను. మనిషి బాగా చిక్కిపోయాడు. ఊపిరి అందడం లేదని మంచం మీదే దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. చాచీ చాయ్ తెచ్చింది. ఆయన అలవాటు కొద్దీ, ఆటా లేదు పాటా లేదు, నన్ను చూసి నవ్వుతూ "ఏమన్న మిగిలిందా?" అన్నాడు. ఎందుకో ఈసారి నోట్లోంచి అబద్ధం రాలేదు.

"ఒకటి మిగిలింది చాచా. గా ట్రయల్స్ దినం నా కాలు ఖరాబే ఉండె. గోళీలు ఏసుకొని ఎగిరిన. తెల్లారి మంచం దిగలే. అందరితోని నీ మీద అబద్ధం చెప్పిన."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"నిజంగనే ఖరాబ్ ఉండెనా?"

"ఉండె చాచా. నల్లగ కమిలింది. మా అమ్మనడుగు."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. తుడవడానికి కుర్తా అంచు వెతుక్కున్నాడు, చేతికి దొరకలేదు. అప్పుడు చాచీ, గుమ్మం దగ్గరే నిలబడి, "పదకొండేండ్లాయె బిడ్డా" అంది. "రోజు నమాజు అయినంక దువాల నీ పేరు తీస్తడు. పిల్ల కాలు మంచిగుండె కావచ్చు, నేనే దాని ఏడాది ఖరాబ్ చేసిన, మాఫ్ జెయ్యి అని ఏడుస్తడు. నువ్వు టీవీల గోల్ కొడితే అందరు ఖుష్, ఈయన మాత్రం పరేషాన్. గీ పిల్ల ఏడాది ముంగటనే పోతుండె గద అంటడు."

ఆయనకు తెలుసనుకున్నాను నేను! తెలియదు. ఆ రోజు ఆయన దగ్గర ఉన్నది బస్సు మెట్టు మీద పెట్టిన ఒక కుడి కాలు, అంతే. కోచ్ బాగుందని చెప్పింది, నేను బాగుందని చెప్పాను, ఎదురుగా పదిసార్లు ఎగిరి చూపించాను. తను పొరపాటు పడి ఉండవచ్చని తెలిసీ, నేను జన్మలో ముఖం చూడనేమోనని తెలిసీ ఆ మనిషి పెన్ను మూత తీయలేదు. ఒక్క మాటతో తీరిపోయే బరువును పదకొండేళ్ళు ఆయన చేత మోయించాను. ఆయన మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన నా తల మీద చేయి వేసి, "ఏడ్వకు. చాయ్ సల్లగైతున్నది, తాగు" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. చివరి రోజుల్లో హాయిగా నిద్రపోతున్నాడని చాచీ చెప్పింది. ఇంకొంచెం ముందు చెప్పి ఉంటే ఎన్ని నిద్రలు దక్కేవో ఆయనకు! ఆ పాపం నాదే, కాదనను. కానీ అసలు చెప్పకుండా పోనివ్వలేదన్న తృప్తి కూడా నాదే.

పదిహేను రోజుల క్రితం మా టీములో ఒక అమ్మాయిని రాష్ట్ర ఎంపిక మ్యాచ్ ఆడకుండా ఆపాను. కుడి వైపు ఆడే పిల్ల, మెరుపులా ఉరుకుతుంది. మలుపు తిరిగేటప్పుడు కాలు ఒక పిసరు ఆలస్యంగా వేస్తోందని నాకు అనిపించింది. స్కాన్ తీయిద్దామంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. "నాకేం నొప్పి లేదు, మీకు నేనంటే కుళ్ళు మేడం" అంది ఆ పిల్ల. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. ఎదురైతే ముఖం తిప్పుకుంటుంది. వాళ్ళమ్మ నలుగురిలో నన్ను ఆడిపోసుకుంటోంది.

ఆ కాలికి నిజంగా ఏమైనా అయిందో లేదో నాకు తెలియదు. ఆ పిల్లకు తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు వచ్చి చెబుతుందేమో, చెప్పకపోనూ వచ్చు. అప్పటిదాకా నా మీద ఎంత కోపం పెట్టుకున్నా సరే, రెండు కాళ్ళతో ఉరుకుతూ పెట్టుకోమనండి.